బ్యానర్ కట్టి ఫోటో దిగితే బీపీ తగ్గదు సార్: మన పబ్లిక్ హెల్త్ స్కూల్ పెద్దలకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి, పబ్లిక్ హెల్త్ స్కూల్ డీన్ గారికి, ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ సభ్యులందరికీ నమస్కారం.

నేను మన స్కూల్లో హెల్త్ ప్రమోషన్ యూనిట్‌లో కాంట్రాక్ట్ మీద పనిచేస్తున్న ఫీల్డ్ ఎడ్యుకేటర్‌ని. రాస్తున్నది నేనే గానీ ఇందులో ఉన్నది నా ఒక్కదాని మాట కాదు, ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో పీజీ) రెండో సంవత్సరం పిల్లలు, పాసై బయటికెళ్లిన కొంతమంది, క్యాంపస్ వెనక బస్తీల్లో మాతో కలిసి తిరిగిన ఆడవాళ్లు అందరం కూర్చుని మాట్లాడుకున్నాకే రాస్తున్నా. యూనివర్సిటీ పేరు కావాలనే రాయట్లేదు. మన సంస్థ పరువు తియ్యాలని మాకు లేదు, మీకు రాస్తున్నామని మీకు ఎలాగూ తెలుస్తుంది. వినతిపత్రాలు ఇచ్చాం, డీన్ ఆఫీసు దగ్గర నిలబడ్డాం, అకడమిక్ సెక్షన్ నుంచి ఫైనాన్స్ సెక్షన్‌కి, అక్కణ్ణుంచి మళ్లీ అకడమిక్ సెక్షన్‌కి చెప్పులరిగేలా తిరిగాం, "చూద్దాం" అన్న మాట తప్ప రాతపూర్వకంగా ఒక్క జవాబూ రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సొచ్చింది.

ఈ యూనిట్ మొదలైనప్పుడు మీరందరూ సపోర్ట్ చేశారు, అది మర్చిపోలేదు. బస్తీ మీటింగులకి డీన్ గారు స్వయంగా వచ్చి కింద చాప మీద కూర్చున్న రోజులున్నాయి. ఇప్పుడు అడుగుతున్నది కూడా అప్పుడు మీరు మొదలుపెట్టిన పని గురించే.

ముందు విషయం తెలియని వాళ్ల కోసం చెప్తా. మా యూనిట్ పని రెండు చోట్ల నడిచేది. ఒకటి క్యాంపస్ వెనకున్న బస్తీలు, వారానికి రెండు రోజులు ఎంపీహెచ్ స్టూడెంట్స్‌ని తీసుకుని అవే గల్లీలకి, అవే ఇళ్లకి వెళ్లేవాళ్లం, బీపీ చూడటం, షుగర్ ఉన్నవాళ్లు గోళీలు వేసుకుంటున్నారా లేదా కనుక్కోవడం, వంటింట్లో కూర్చుని ఉప్పు నూనె గురించి మాట్లాడటం, బస్తీ దవాఖానాకి (ప్రభుత్వం బస్తీల్లో పెట్టిన చిన్న ఆసుపత్రి) ఎవరు పోవట్లేదో, ఎందుకు పోవట్లేదో తెలుసుకోవడం. రెండోది మన హాస్టళ్లు: రక్తహీనత, మెస్ తిండి, సిగరెట్టు, నిద్ర, మనసు బాగోకపోవడం. ప్రతి హాస్టల్లో ఇద్దరు ముగ్గురు స్టూడెంట్స్‌కి ట్రైనింగ్ ఇచ్చి వాళ్లతోనే తోటి పిల్లలతో మాట్లాడించేవాళ్లం.

పోయిన అకడమిక్ ఇయర్ నుంచి ఏమైందంటే, ఫీల్డ్ వెహికల్ వేరే పనులకి తీసుకున్నారు, నాతోపాటు పనిచేసే ఇద్దరు ఎడ్యుకేటర్ల కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యలేదు, బస్తీలో మాకు సాయం చేసే ఆడవాళ్లకి ఇచ్చే గౌరవ వేతనం ఆగిపోయింది, ఫీల్డ్ పోస్టింగ్ స్థానంలో "అవేర్‌నెస్ ప్రోగ్రామ్స్" పెట్టమన్నారు. ప్రపంచ ఆరోగ్య దినం, పొగాకు వ్యతిరేక దినం, గుండె దినం, డయాబెటిస్ దినం, ఏ రోజు వస్తే ఆ రోజు ఒక బ్యానర్, ఒక ర్యాలీ, ఒక ఉపన్యాసం, ముప్పై ఫోటోలు, సాయంత్రానికి రిపోర్ట్ అప్‌లోడ్. నాక్ వాళ్లు (యూనివర్సిటీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్ యాక్టివిటీస్, అంటే క్యాంపస్ బయట జనం కోసం చేసే పనుల కింద చూపించాలి కాబట్టి ప్రోగ్రామ్స్ సంఖ్య పెరగాలి అని చెప్పారు. సంఖ్య నిజంగానే పెరిగింది. బస్తీలో మేము వెళ్లే ఇళ్లు మాత్రం దాదాపు ఖాళీ అయిపోయాయి, అంటే మనుషులున్నారు, మేమే వెళ్లట్లేదు.

హెల్త్ ప్రమోషన్ అంటే ఏంటో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మీరే మా పిల్లలకి మొదటి సెమిస్టర్‌లో పాఠం చెప్తారు. 1986లో కెనడాలోని ఒట్టావాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశంలో రాసుకున్న చార్టర్‌లో ఐదు పనులు చెప్పారు. ఆరోగ్యానికి పనికొచ్చే పాలసీలు చెయ్యడం, చుట్టూ ఉన్న పరిస్థితుల్ని మార్చడం, జనాన్ని కలుపుకుని పని చెయ్యడం, మనుషులకి తమ ఆరోగ్యం తాము చూసుకునే నేర్పు ఇవ్వడం, వైద్య సేవల్ని రోగం వచ్చాక కాకుండా రాకముందు నుంచే పనిచేసేలా మళ్లించడం. ఈ ఐదిట్లో ర్యాలీ ఎక్కడుందో మాకు కనపడలేదు. క్లాస్‌రూమ్‌లో ఇది చెప్పి, పరీక్షలో ఇది రాయించి, ఫీల్డ్‌కి పంపాల్సొచ్చేసరికి బ్యానర్ పట్టుకుని నిలబడమంటే ఆ పిల్లలు ఏం నేర్చుకుంటారు?

ఒక ఇంటి సంగతి చెప్తా, ఎందుకంటే ఒక్కరోజు క్యాంప్‌కీ మేము చేసే పనికీ తేడా ఏంటని ఫైనాన్స్ సెక్షన్‌లో ఒక సారు నిజంగానే అడిగారు, ఆయన తప్పు లేదు, ఆయనకి ఎవరూ చెప్పలేదు.

బస్తీలో ఒకామె, ఇళ్లల్లో వంట పని చేస్తుంది. ఒక హెల్త్ క్యాంప్‌లో బీపీ చూశారు, బాగా ఎక్కువుంది, చీటీ రాసిచ్చారు, ఆమె బస్తీ దవాఖానాకి పోయి ఆమ్లోడిపిన్ అనే బీపీ గోళీ తెచ్చుకుంది. లెక్క ప్రకారం ఆమె స్క్రీనింగ్ అయిన మనిషి, ట్రీట్‌మెంట్ మొదలైన మనిషి, రిపోర్ట్‌లో రెండు చోట్లా టిక్ పడింది. మేము ఇంటికి వెళ్తే తెలిసిందేంటంటే ఆ గోళీ తలకాయ నొప్పి వచ్చినప్పుడే వేసుకుంటోంది. "మంచిగున్నప్పుడు ఎందుకేసుకోవాలె మేడం, ఒక్కసారి అలవాటైతే జిందగీ మొత్తం ఏసుకోవాలంట గద" అని అడిగింది. పైగా ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకుని రోజూ వేసుకుంటోంది, ఆ గోళీ బీపీ పెంచుతుందని, కిడ్నీల్ని దెబ్బతీస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. పొద్దున పనికి పోయే ముందు రాత్రి అన్నంలో ఆవకాయ, మధ్యాహ్నం పని చేసే ఇంట్లో ఏది మిగిలితే అది.

ఉప్పు తగ్గించమ్మా అంటే తగ్గించాననే చెప్తారు ఎవరైనా. అందుకని మా స్టూడెంట్ ఒకమ్మాయి చిన్న పని చేసింది. కొత్త ఉప్పు ప్యాకెట్ విప్పినప్పుడు దాని మీద పెన్నుతో ఆ రోజు తేదీ రాయించింది. మనిషికి రోజుకి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థా చెప్తుంది, మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లూ చెప్తారు. ఇంట్లో ఐదుగురు, నెలకి 750 గ్రాములు, అది కూడా పచ్చడి, అప్పడాలు, బజ్జీలు, పిల్లలు కొనుక్కునే చిప్స్ అన్నిట్లో ఉన్న ఉప్పుతో కలిపి. అంటే కిలో ప్యాకెట్ నెలకి మించి రావాలి. వాళ్లింట్లో మూడు వారాలు నిండకుండానే అయిపోయింది. తేదీ చూసి ఆమే ఆశ్చర్యపోయింది, మేము ఏమీ అనాల్సిన పని రాలేదు. తర్వాత అత్తగారితో మాట్లాడటానికి కొన్ని వారాలు పట్టింది, ఆ ఇంట్లో కూరలో ఉప్పు ఎంతో తేల్చేది ఆ పెద్దావిడే, కోడలికి ఎంత చెప్పినా లాభం లేదు. గోళీ మాత్రం పొద్దున పళ్లు తోముకునే బ్రష్షు పక్కన పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. చివరికి ఆమె బీపీ 140/90 కిందికి వచ్చింది. ఆ తర్వాత పక్కింటివాళ్లు, వెనక గల్లీ వాళ్లు కూడా ఉప్పు ప్యాకెట్ల మీద తేదీలు రాసుకోవడం మొదలుపెట్టారు, అది మేము చెప్పింది కాదు, ఆమె చెప్పింది.

ఒక్కరోజు క్యాంప్‌లో ఇది జరగదు సార్. అదే మనిషి అదే ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్తేనే జరుగుతుంది.

ఇప్పుడు ఈ పని ఆగడం వల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరసగా రాస్తున్నా.

1. బీపీ, షుగర్ గోళీలు మధ్యలో మానేసేవాళ్లు పెరుగుతున్నారు. మేము వెళ్తున్నప్పుడు మానేసినవాళ్లు ఎవరో మాకు పేరుతో సహా తెలిసేది, ఇప్పుడు వాళ్లకి పక్షవాతం వచ్చాకో కళ్లు మసకబారాకో తెలుస్తోంది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచు మీద ఉన్నారు అని 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల ఇండియాబ్ స్టడీ చెప్పింది, ఆ స్లైడ్ మన స్కూల్లో ప్రతి సెమినార్‌లో వేస్తారు. ఆ కోట్లలో కొంతమంది మన కాంపౌండ్ గోడ అవతలే ఉన్నారు. ఇళ్లల్లో పనిచేసే మనిషికి, ఆటో నడిపే మనిషికి పక్షవాతం వస్తే ఆ ఇంట్లో ముందు ఆగిపోయేది ఆడపిల్ల చదువు, మేము ఇది పుస్తకంలో చదివి చెప్పట్లేదు.

2. బస్తీ దవాఖానా మీద, ఆశా కార్యకర్తల మీద భారం పడింది. బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాక నిజంగా పేదవాళ్లకి మేలు జరిగింది, డాక్టరు, మందులు ఇంటి దగ్గరికి వచ్చాయి, అందులో అనుమానం లేదు. కానీ పని వదిలి అక్కడికి పోతే ఆ రోజు కూలి పోతుంది, అందుకే చాలామంది పోరు. ఎవరు పోలేదో చూసి తీసుకెళ్లే పని ఆశా అక్కలే చెయ్యాలి, వాళ్లకేమో గర్భిణులు, టీకాలు, టీబీ, 30 ఏళ్లు దాటినవాళ్ల బీపీ, షుగర్ లాంటి జబ్బుల ఫారాలు, మీద నుంచి యాప్‌లో ఎంట్రీలు. మా స్టూడెంట్స్ వెళ్లినప్పుడు ఆ భారంలో కొంత పంచుకునేవాళ్లు, ఒక ఆశా అక్క అన్న మాట ఏంటంటే "మీ పోరగాళ్లు వస్తే నేను ఆ రోజు అన్నం టైంకి తింట". ఇప్పుడు ఆ అక్క ఫోన్ చేసి ఎప్పుడొస్తారని అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు.

3. హాస్టల్ అమ్మాయిల రక్తహీనత. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ అని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. మన హాస్టల్ అమ్మాయిలు ఈ లెక్కకి బయట ఏమీ లేరు. ఐరన్ గోళీలు హాస్టల్‌కి వచ్చేవి, పంచేవాళ్లం, అయినా హిమోగ్లోబిన్ పెరగట్లేదు, ఎందుకా అని కూర్చుని చూస్తే మెస్‌లో రాత్రి భోజనం కాగానే టీ ఇస్తున్నారు, పిల్లలు గోళీ నోట్లో వేసుకుని ఆ టీతోనే మింగేస్తున్నారు. టీతో ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. మెస్ వాళ్లతో మాట్లాడి టీ టైం మార్పించాం, గోళీ తీసుకునేటప్పుడు నిమ్మకాయ నీళ్లు పెట్టించాం, కడుపులో వికారంగా ఉందని మానేసిన పిల్లలకి అన్నం తిన్నాక పడుకునే ముందు వేసుకోమని చెప్పాం. ఖర్చు ఎంత అయ్యుంటుంది? నిమ్మకాయలే. ఈ సంవత్సరం మెస్ కాంట్రాక్టర్ మారాడు, టీ మళ్లీ భోజనం టైంకి వచ్చింది, అడిగే మనిషి లేదు. హాస్టల్ నోటీస్ బోర్డు మీద మాత్రం "రక్తహీనతని తరిమికొడదాం" అని పోస్టర్ ఉంది.

4. మనసు బాగోని పిల్లలు. ఇది రాయడానికే కష్టంగా ఉంది. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులోనే 2025 జులైలో సుప్రీంకోర్టు దేశం మొత్తానికి మార్గదర్శకాలు ఇచ్చింది, 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ కనీసం ఒక్కరు ఉండాలి అని అందులో ఉంది. మా యూనిట్ ట్రైనింగ్ ఇచ్చిన హాస్టల్ పిల్లలు డాక్టర్లు కారు, కానీ రూమ్మేట్ మూడు రోజులుగా మెస్‌కి రాకపోతే వాళ్లకి తెలిసేది, పక్కన కూర్చునేవాళ్లు, కౌన్సెలర్ దగ్గరికి తోడు వెళ్లేవాళ్లు, అర్ధరాత్రి అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ కలిపిచ్చేవాళ్లు. ఆ ట్రైనింగ్ ఈ ఏడాది జరగలేదు. పాత బ్యాచ్ పాసై వెళ్లిపోయింది, కొత్తవాళ్లకి ఎవరి దగ్గరికి పోవాలో తెలియదు. ఫస్టియర్ పిల్లలకి ఇది పరీక్షల సీజన్ కూడా.

5. గేటు ముందు పాన్ డబ్బా. విద్యాసంస్థకి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 చట్టం ఉంది. మా స్టూడెంట్స్ టేపు పట్టుకుని కొలిచారు, ఫోటోలు తీశారు, రాతపూర్వకంగా సెక్యూరిటీ ఆఫీసుకి ఇచ్చారు, కొన్నాళ్లు డబ్బా జరిగింది, ఇప్పుడు మళ్లీ అక్కడే ఉంది. పొగాకు వ్యతిరేక దినం ర్యాలీ ఆ డబ్బా ముందు నుంచే వెళ్లింది.

6. స్టూడెంట్స్ చదువు. ఇది కూడా జనం సంగతే, ఎందుకంటే ఈ పిల్లలే రేపు జిల్లాల్లో ప్రోగ్రామ్ ఆఫీసర్లు అవుతారు. ఒక ఇంట్లో అత్తగారిని ఒప్పించడం ఎంత కష్టమో చూసిన పిల్ల రేపు ఆఫీసులో కూర్చున్నప్పుడు "ఐదు వేల కరపత్రాలు పంచండి" అని ఆర్డర్ వెయ్యదు. ఇప్పుడున్న బ్యాచ్‌కి ఆ అనుభవం లేదు, ఈవెంట్ మేనేజ్‌మెంట్ మాత్రం బాగా వచ్చింది.

7. అన్నిటికంటే పెద్ద నష్టం నమ్మకం. ఈ బస్తీల్లో మన స్కూల్ స్టూడెంట్స్ డిసర్టేషన్ల (కోర్సులో రాయాల్సిన పరిశోధన పత్రాలు) కోసం చాలా సర్వేలు చేశారు. వేలు గుచ్చి రక్తం తీసుకున్నాం, నెల జీతం ఎంతో అడిగాం, మీ ఆయన తాగుతాడా అని అడిగాం, ఇంట్లో కొడతాడా అని కూడా అడిగాం. వాళ్లు చెప్పారు, ఎందుకు చెప్పారంటే వీళ్లు మళ్లీ వస్తారు, మన పిల్లలే అనుకున్నారు కాబట్టి. ఇప్పుడు సర్వేకి మాత్రం వెళ్లి మిగతా రోజుల్లో వెళ్లకపోతే ఏమనుకుంటారు? ఈమధ్య ఒక స్టూడెంట్ ఫారం పట్టుకుని వెళ్తే ఒక పెద్దావిడ తలుపు దగ్గరే ఆపి "రాసుకునేందుకు వస్తరు, మళ్ల కానరారు" అంది. ఆ మాటకి ఆ పిల్ల ఏం చెప్తుంది? జనం దగ్గర సమాచారం తీసుకున్నాక వాళ్లకి దక్కాల్సిన మేలు గురించి ఐసీఎంఆర్ 2017 ఎథిక్స్ గైడ్‌లైన్స్‌లో స్పష్టంగానే ఉంది, మన ఎథిక్స్ కమిటీ కూడా ఆ గైడ్‌లైన్స్ మీదే నడుస్తుంది.

ఇక మాకు నోటి మాటగా వచ్చిన జవాబుల గురించి.

ఒకటి, "ఇది సర్వీస్ పని, హెల్త్ డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది, యూనివర్సిటీ పని రీసెర్చ్". మెడికల్ కాలేజీకి ఆసుపత్రి ఉంటుంది, వార్డు లేకుండా డాక్టర్ని తయారుచెయ్యమని ఎవరూ అడగరు. మా వార్డు బస్తీ. అది తీసేసి పబ్లిక్ హెల్త్ నేర్పమంటే ఎలా? రీసెర్చ్ విషయానికొస్తే, ఫిన్లాండ్‌లో నార్త్ కరేలియా అని ఒక ప్రాంతం ఉంది, 1972లో అక్కడ గుండెపోటుతో వయసులో ఉన్న మగవాళ్లు ఎక్కువగా చనిపోతున్నారని జనమే ప్రభుత్వాన్ని అడిగితే పని మొదలుపెట్టారు. పెక్కా పుస్కా అనే కుర్ర డాక్టరు దానికి నాయకుడు. ఇంటింటి ఆడవాళ్ల సంఘాలతో కలిసి వంటలు మార్పించారు, వెన్న తగ్గించారు, ఉప్పు తగ్గించారు, పాడి రైతులతో, సాసేజ్ కంపెనీలతో కూర్చుని మాట్లాడారు, ఏళ్ల తరబడి వదలకుండా చేశారు. నలభై ఏళ్లలో పనిచేసే వయసు మగవాళ్లలో గుండె జబ్బు చావులు 80 శాతానికి పైగా తగ్గాయి. ప్రపంచమంతా ఆ రీసెర్చ్ పేపర్లు చదువుతుంది, మన సిలబస్‌లో కూడా ఉంది. ఆ రీసెర్చ్ పుట్టింది ఆ ఊళ్లల్లో చేసిన పనిలో నుంచే కదా.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. 2017 చివర్లో బీపీ కంట్రోల్ కోసం ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ మొదలైనప్పుడు మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో చూసింది ఎన్ని క్యాంపులు పెట్టారని కాదు, రిజిస్టర్ అయినవాళ్లలో ఎంతమందికి బీపీ కంట్రోల్‌లో ఉంది, ఎంతమంది ఫాలోఅప్‌కి రాలేదు అని. 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. మన రాష్ట్రంలోనే జరిగిన పని ఇది, మనం అదే పద్ధతిలో మన గోడ పక్కన చెయ్యలేమా?

రెండో జవాబు, "ఫండ్స్ లేవు". సరే, లేవనే అనుకుందాం. మరి ప్రతి "దినం"కీ ఫ్లెక్సీలకి, షామియానాకి, శాలువాలకి, మెమెంటోలకి, స్నాక్స్‌కి అయిన ఖర్చు ఎంత? ఆ లెక్క ఒకసారి బయట పెట్టండి. ఇద్దరు ఎడ్యుకేటర్ల జీతం, బస్తీ ఆడవాళ్ల గౌరవ వేతనం దాని పక్కన పెట్టి చూద్దాం. మేము కార్లు అడగట్లేదు, వెహికల్ ఇవ్వలేకపోతే ఆటో ఛార్జీలిచ్చినా చాలు, స్టూడెంట్స్ ఇప్పటికీ సొంత డబ్బుతో వెళ్తామంటున్నారు, కానీ ఇరవై ఏళ్ల పిల్లల జేబుల మీద ఒక యూనివర్సిటీ పని నడవకూడదు.

మూడో జవాబు, "మీ పని కొలవడానికి రాదు, ప్రోగ్రామ్స్ అయితే లెక్కపెట్టొచ్చు". ఇది విన్నప్పుడు నాకు చాలా బాధేసింది. ఆ ఇళ్ల రిజిస్టర్లు మా దగ్గర ఉన్నాయి, తేదీ, బీపీ, గోళీ తీసుకున్నారా లేదా, ఎందుకు మానేశారు, అన్నీ చేత్తో రాసినవి, అట్టలు ఊడిపోతే ప్లాస్టర్ వేసి మరీ దాచాం. వాటిని తెరిచి చూసినవాళ్లు ఎవరూ లేరు. ఏ రోజైనా తీసుకొచ్చి మీ టేబుల్ మీద పెడతాం.

మా డిమాండ్లు ఇవి. ఒక్కటి కూడా గొంతెమ్మ కోరిక కాదు.

1. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్‌లోనే వారానికి రెండు ఫీల్డ్ రోజులు పెట్టండి, ఆ రోజుల్లో వేరే ప్రోగ్రామ్‌కి స్టూడెంట్స్‌ని పిలవొద్దు. వెహికల్ లేదా ప్రయాణ ఖర్చు, ఏదో ఒకటి ముందే శాంక్షన్ చెయ్యండి.

2. రెన్యూ చెయ్యని ఇద్దరు ఎడ్యుకేటర్లని తిరిగి తీసుకోండి. ఈ పోస్టులు ఏడాదికోసారి ఆగిపోయే కాంట్రాక్టులుగా కాకుండా కనీసం మూడేళ్ల కాలానికి ఉండాలి, బస్తీలో మనుషులు మొహం గుర్తుపట్టేసరికే ఏడాది అయిపోతుంది.

3. బస్తీ ఆడవాళ్లకి రావాల్సిన పాత గౌరవ వేతనం బకాయిలు ఈ నెలాఖరులోపు ఇవ్వండి. ఇది అన్నిటికంటే ముందు. వాళ్లు అడగడానికి మొహమాటపడుతున్నారు, మేము అడుగుతున్నాం.

4. యూనిట్ రిపోర్ట్‌లో "ఎన్ని ప్రోగ్రామ్స్" అనే గడి ఉంటే ఉండనివ్వండి, దాని ముందు ఇవి రావాలి: బీపీ ఉన్నవాళ్లలో ఎంతమందికి 140/90 కింద ఉంది, ఎంతమంది ఫాలోఅప్ తప్పారు, హాస్టల్ అమ్మాయిల్లో ఎంతమంది హిమోగ్లోబిన్ 12 దాటింది. పేర్లు లేకుండా ఈ లెక్క ప్రతి సెమిస్టర్ చివర బయట పెట్టండి, బాగోకపోయినా పెట్టండి.

5. హాస్టల్ మెస్ టెండర్‌లోనే తిండి షరతులు రాయండి. టీ భోజనంతో కలిపి ఇవ్వకూడదు, టేబుళ్ల మీద విడి ఉప్పు గిన్నెలు పెట్టకూడదు, వారంలో ఇన్ని రోజులు ఆకుకూర, గుడ్డు లేదా పప్పు, ఒక పండు అని స్పష్టంగా ఉండాలి. కాంట్రాక్టర్ మారినా ఇవి మారకూడదు. మెస్ కమిటీలో మా స్టూడెంట్ ఒకరు ఉండాలి.

6. సుప్రీంకోర్టు చెప్పినట్టు కౌన్సెలర్ని వెంటనే పెట్టండి, హాస్టల్ పిల్లల ట్రైనింగ్ మళ్లీ మొదలుపెట్టండి. దీనికి కమిటీ వేసి రిపోర్ట్ కోసం ఎదురుచూడొద్దు, దయచేసి.

7. బస్తీలో ఏ సర్వే చేసినా, డిసర్టేషన్ సబ్మిట్ చేసేముందు ఆ ఫలితాలు ఆ బస్తీలో తెలుగులో, ఉర్దూ మాట్లాడే ఇళ్లకి ఉర్దూలో, కూర్చోబెట్టి చెప్పాలి అని రూల్ పెట్టండి. గైడ్ సంతకంతో పాటు ఆ మీటింగ్ తేదీ కూడా ఉండాలి.

8. యూనిట్‌కి సలహా కమిటీ వెయ్యండి, అందులో బస్తీ నుంచి ఇద్దరు ఆడవాళ్లు, బస్తీ దవాఖానా నుంచి ఒకరు, ఒక ఆశా కార్యకర్త ఉండాలి. మీటింగ్ వాళ్లకి కుదిరే సాయంత్రం పెట్టాలి.

9. గేటు ముందు పొగాకు అమ్మకం గురించి స్టూడెంట్స్ ఇచ్చిన కంప్లయింట్ మీద ఏం చర్య తీసుకున్నారో రాసి చెప్పండి.

పబ్లిక్ హెల్త్ టీచర్లందరికీ కూడా ఒక మాట. మీలో చాలామంది మాతో ఏకాంతంగా "మీరు అడిగేది కరెక్టే" అన్నారు. అదే మాట ఫ్యాకల్టీ మీటింగ్‌లో అనండి, మినిట్స్‌లో రాయించండి. మాలాంటి కాంట్రాక్ట్ వాళ్లు గట్టిగా మాట్లాడితే రేపు రెన్యూవల్ ఉండదు, అది తెలిసే రాస్తున్నాం. మీ ఉద్యోగాలకి ఆ భయం లేదు. బయట ఇతర యూనివర్సిటీల్లో చదువుతున్న, పనిచేస్తున్న తెలుగు పబ్లిక్ హెల్త్ వాళ్లు, విదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు కూడా ఇది చదివితే మన వీసీ గారికి మీ పేరుతో రెండు లైన్లు రాయండి, మర్యాదగా రాయండి, తిట్టొద్దు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోపు మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడాలని, ఆ మీటింగ్‌కి బస్తీ ఆడవాళ్లని కూడా పిలవాలని, తొమ్మిది డిమాండ్ల మీద విడివిడిగా రాతపూర్వక జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఈలోపు మేము పని ఆపట్లేదు, శనివారాలు సొంతంగా వెళ్లడం మొదలుపెట్టాం, కానీ ముగ్గురు నలుగురితో అన్ని ఇళ్లకి చేరలేం. లేఖ కాపీలు జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి, రిజిస్ట్రార్ గారికి, విద్యార్థి సంఘాలన్నిటికీ ఇస్తున్నాం. 15 రోజుల్లో జవాబు రాకపోతే మా రిజిస్టర్లు తీసుకుని బస్తీ ఆడవాళ్లతో కలిసి అడ్మినిస్ట్రేషన్ బిల్డింగ్ దగ్గరికి వస్తాం, ఎవర్నీ అడ్డుకోం, మీరు టైం ఇచ్చేదాకా కూర్చుంటాం.

ఇట్లు,
హెల్త్ ప్రమోషన్ యూనిట్ ఫీల్డ్ ఎడ్యుకేటర్,
ఎంపీహెచ్ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, బస్తీ మహిళా వాలంటీర్ల తరఫున